తెల్లగోడల యాత్ర

1927 జులై 23న జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం అంచున, వైసెన్‌హోఫ్ కొండవాలు మీద ఒక ప్రదర్శన తెరుచుకుంది. కొండెక్కిన వాళ్లకు అక్కడ కనిపించినవి ఇళ్లు. మొత్తం 21 కట్టడాలు, అన్నీ కొత్తగా కట్టినవి, అన్నిటికీ బల్లపరుపు డాబాలు. ఇల్లంటే ఏటవాలు పెంకుల కప్పు ఉండి తీరాలని ఊరంతా నమ్మే రోజులవి. జనం టికెట్టు కొనుక్కుని ఒకరి వెనక ఒకరు గడప దాటారు. పడకగదులు, వంటగదులు, స్నానాలగదులు తిరిగి చూశారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ముఖం చిట్లించారు. అక్టోబరు చివరిదాకా సాగిన ఆ ప్రదర్శనకు దాదాపు 5 లక్షల మంది వచ్చారు.

యూరప్‌లో ఆధునిక కట్టడాలను గుంపుగా తిరిగి చూసే అలవాటుకు పుట్టినరోజు రాయాల్సివస్తే ఆ తేదీనే రాయాలి.

గుంపు ప్రయాణాలు అంతకుముందూ ఉన్నాయి. 1841 జులై 5న థామస్ కుక్ ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున రైలెక్కించాడు. దూరం 11 మైళ్లు. మద్యం మానాలని చెప్పే సభకు సాగిన ప్రయాణమది. 1855 నాటికి ఆయన గుంపులు సముద్రం దాటి పారిస్ చేరాయి. అయితే ఆ యాత్రికులు ఎక్కువగా చూడబోయేది పాతదాన్నే: చర్చిలు, కోటలు, శిథిలాలు, చిత్రశాలలు. కొత్త కట్టడాల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పబోతున్న లె కార్బూజియే కూడా 1911లో బాల్కన్ దేశాల మీదుగా ఇస్తాంబుల్, ఏథెన్స్ తిరిగింది పాతవాటి కోసమే. సున్నం తడి ఆరని ఇంటిని చూడటానికి డబ్బు కట్టి వెళ్లడమన్నది కుక్ కాలం మనిషికి ఊహకు కూడా అందేది కాదు.

స్టుట్‌గార్ట్ ప్రదర్శనను నడిపింది జర్మన్ వెర్క్‌బుండ్. ఆర్కిటెక్ట్‌లు, కళాకారులు, పారిశ్రామికవేత్తలు కలిసి పెట్టుకున్న సంఘమది. పథకం గీసి, ఎవరికి ఏ స్థలమో పంచింది జర్మన్ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో. ఇళ్లు కట్టింది 17 మంది: వాల్టర్ గ్రోపియస్, లె కార్బూజియే, హాలండ్ నుంచి ఔద్, మార్ట్ స్టామ్, వియన్నా నుంచి యోసెఫ్ ఫ్రాంక్, బెర్లిన్ నుంచి టౌట్ అన్నదమ్ములు ఇద్దరూ. లె కార్బూజియే కట్టిన జంట ఇంట్లో పగలు హాలుగా ఉండే గదిని రాత్రికి పడకగదులుగా విడదీసుకోవచ్చు. మంచాలు అలమరల కిందికి జరిగిపోతాయి. లోపలి నడవ మాత్రం రైలు పెట్టెలో నడవంత ఇరుకు. ఇలాంటి ఇంట్లో రోజూ ఎవరుంటారని చూడవచ్చినవాళ్లు అడిగారంటే తప్పు పట్టలేం. ఈ ప్రదర్శనలో ఆ ప్రశ్నను ముందే పట్టించుకున్న మనిషి కూడా ఉంది. ఇంటిపనిలో వృథా శ్రమను ఎలా తగ్గించాలో పుస్తకం రాసిన ఎర్నా మేయర్ వంటగదుల విషయంలో సలహాలిచ్చింది. ఔద్ ఆమె మాట విన్నాడు.

దీనికి ఏడెనిమిది నెలల ముందు, 1926 డిసెంబరు 4న, దెస్సావ్‌లో బౌహౌస్ కళాశాల కొత్త భవనం తెరిచినప్పుడు ఒక్క రోజే వెయ్యి మందికి పైగా అతిథులు దిగారు. అధ్యాపకుల ఇళ్లు కూడా చూడదగ్గవే అయ్యాయి. గ్రోపియస్ భార్య ఇసె తమ ఇంటి అలమరలు, వంటగది పరికరాలు ఎలా పనిచేస్తాయో చూపించే చిన్న సినిమా ఒకటి అప్పుడే తీశారు. దెస్సావ్ దాకా రాలేనివాళ్లకు తెర మీద చేయించిన ఇంటి దర్శనం అది.

అమెరికా వాళ్లకు ఈ వార్త చేరింది. 1930 ఎండాకాలంలో హెన్రీ రసెల్ హిచ్‌కాక్ అనే చరిత్రకారుడు, ఫిలిప్ జాన్సన్ అనే పాతికేళ్లు కూడా నిండని సంపన్న యువకుడు కలిసి యూరప్‌లో కొత్త కట్టడాల వేటకు బయలుదేరారు. జాన్సన్ అప్పటికి ఆర్కిటెక్ట్ కాదు. చూసినదాంతో అతనికి ఎంత మోజు కలిగిందంటే న్యూయార్క్‌లోని తన ఫ్లాటును మీస్ చేత తీర్చి దిద్దించుకున్నాడు. ఆ తిరుగుడు ఫలితంగా 1932 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఒక ప్రదర్శన తెరుచుకుంది. దానితోపాటు 'ద ఇంటర్నేషనల్ స్టైల్' అన్న పుస్తకం వచ్చింది. బరువైన గోడలకు బదులు లోపలి ఖాళీకి ప్రాధాన్యం, కొలతల్లో క్రమం, అలంకారం లేకపోవడం అనే లక్షణాలతో వాళ్లు కొత్త కట్టడాలను ఒక శైలిగా నిర్వచించారు. ఆ శైలి పేరు ప్రపంచమంతా పాకింది.

అదే 1930లో ఇంకో అమెరికన్ కూడా అవే దారుల్లో తిరిగింది. పేరు కేథరిన్ బవర్. వయసు పాతికే. ఆమె ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగింది. ఆ నగరంలో ఆర్కిటెక్ట్ ఎర్న్‌స్ట్ మై ఆధ్వర్యంలో నగరపాలక సంస్థ సామాన్యుల కోసం వేల ఇళ్లు కడుతోంది. వాటిలో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ 1926లో రూపొందించిన వంటగది అమర్చారు. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు. రైళ్లలోని భోజనాల పెట్టె వంటశాలను చూసి నేర్చుకున్న కొలతలవి. చెయ్యి చాస్తే అందే దూరంలో అన్నీ ఉంటాయి. సుమారు 10 వేల ఇళ్లలో ఆ వంటగదిని పెట్టారు. బవర్ ఈ కాలనీల అద్దెలెంత, భూమి ఎవరిది, అప్పు ఎవరిచ్చారు, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు అని ఆరా తీసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రోమర్‌స్టాట్ కాలనీ మీద రాసిన వ్యాసానికి 1931లో 'ఫార్చ్యూన్' పత్రిక పోటీలో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది రచయిత లూయిస్ మంఫర్డ్‌తో కలిసి మళ్లీ యూరప్ వెళ్లింది. 1934లో 'మోడర్న్ హౌసింగ్' అన్న పుస్తకం ప్రచురించింది. అమెరికాలో ప్రభుత్వ గృహనిర్మాణానికి పునాది వేసిన 1937 చట్టం వెనక ఆమె కృషి ఉంది.

ఒకే ఏడాది, ఒకే ఖండం, చాలావరకు అవే కట్టడాలు. జాన్సన్ బృందం గోడలను చూసి శైలిని పట్టుకెళ్లింది. బవర్ గోడల మధ్య మనుషులను చూసి చట్టాన్ని పట్టుకెళ్లింది. ఈ రెండు ప్రయాణాల్లో చరిత్ర పుస్తకాలు మొదటిదాన్నే ఎక్కువగా చెబుతాయి. ఎక్కువమంది బతుకులను మార్చింది మాత్రం రెండోదే.

బవర్‌లా ఆరా తీసేవాళ్లకు ఆ రోజుల్లో తప్పక దిగాల్సిన ఊరు వియన్నా. సోషలిస్టుల చేతిలో ఉన్న ఆ నగరపాలక సంస్థ 1923 నుంచి 1934 దాకా 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. వాటిలో కార్ల్ ఎన్ గీసిన కార్ల్ మార్క్స్ హోఫ్ పొడవు కిలోమీటరు పైమాటే. 1,382 ఫ్లాట్లు, మధ్యలో పెద్ద తోటలు, ఉమ్మడి స్నానశాలలు, ఉతికే గదులు, పిల్లల బడి. 1934 ఫిబ్రవరి 12న మొదలైన అంతర్యుద్ధంలో సైన్యం ఈ ఇళ్ల మీద ఫిరంగులు పేల్చింది. ఇప్పుడు అక్కడి పాత చాకిరేవు గదుల పైన ఆ కాలం గురించి చిన్న మ్యూజియం ఉంది, చుట్టూ ఫ్లాట్లలో జనం కాపురం ఉంటున్నారు. అందానికి మొదటి బహుమతి దీనికి ఎవరూ ఇవ్వరు. అయినా యూరప్ ఆధునిక కట్టడాల యాత్రలో ఒక్కచోటే ఆగే వీలుంటే ఆగాల్సింది ఇక్కడేనని చెప్పుకోవచ్చు.

ఇక ఆర్కిటెక్ట్‌లే గుంపు కట్టి చేసిన యాత్రల్లో 1933 నాటి ఓడ ప్రయాణానికి సాటి లేదు. ఆధునిక ఆర్కిటెక్ట్‌లు 1928లో స్విట్జర్లాండ్‌లోని లా సరాజ్ కోటలో 'సియామ్' అనే అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. రెండో సమావేశం ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మూడోది బ్రసెల్స్‌లో. నాలుగోది మాస్కోలో జరగాలి. సోవియట్ ప్రభుత్వానికి అప్పటికి ఈ కొత్త పోకడ మీద మోజు పోయింది. మాస్కో ఆశ వదులుకున్నాక సంఘం వాళ్లు నేలనే వదిలేశారు. 'పాత్రిస్-2' అనే గ్రీకు ఓడ మీద జులై 29న ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవు నుంచి ఏథెన్స్‌కు బయలుదేరారు. దాదాపు వంద మంది. లె కార్బూజియే, చిత్రకారుడు ఫెర్నాన్ లెజే, చరిత్రకారుడు గీడియోన్, స్పెయిన్ నుంచి సెర్ట్, బొమ్మలతో గణాంకాలు చెప్పే పద్ధతి కనిపెట్టిన ఒట్టో నాయ్‌రాత్ అందులో ఉన్నారు. అధ్యక్షుడు ఆమ్‌స్టర్‌డామ్ నగర ప్రణాళికలు గీసే వాన్ ఈస్టరెన్.

డెక్ మీద ఎండకు పరదా కట్టి పటాలు వేలాడదీశారు. 33 నగరాల పటాలు, అన్నీ ఒకే కొలతలో, ఒకే రకం గుర్తులతో గీసినవి. లండన్ ఎక్కడ కిక్కిరిసింది, బెర్లిన్‌లో ఫ్యాక్టరీలు ఎక్కడున్నాయి అని పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు అంతకుముందు ఎవరికీ లేదు. అది నిజంగా గొప్ప పని. ఏథెన్స్‌లో పటాలను ప్రదర్శించారు, అక్రోపోలిస్ ఎక్కారు, కొందరు ఏజియన్ దీవుల్లోని సున్నం వేసిన తెల్లటి పల్లె ఇళ్లు చూసొచ్చారు. కళాకారుడు మొహోలీ నాజ్ ఈ ప్రయాణాన్నంతా సినిమా తీశాడు. ఆగస్టు నడుమకు ఓడ మార్సెయ్ తిరిగొచ్చింది.

పదేళ్ల తర్వాత, 1943లో, లె కార్బూజియే ఆ చర్చలను తన పద్ధతిలో తిరగరాసి 'ఏథెన్స్ చార్టర్'గా ప్రచురించాడు. నివాసం, పని, విశ్రాంతి, రాకపోకలు: నగరాన్ని ఈ నాలుగు పనులుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో చోటు కేటాయించాలన్నది దాని సారం. యుద్ధం తర్వాత యూరప్‌లోనూ ఇతర ఖండాల్లోనూ నగర ప్రణాళికాధికారులు దాన్ని శాసనంలా పాటించారు. ఇళ్లు ఒకచోట, అంగళ్లు ఒకచోట, ఆఫీసులు మరోచోట పెట్టిన నగరాల్లో రోజూ గంటల తరబడి దారిలో గడిపేవాళ్లకు దాని ఫలితం తెలుసు. ఆ ఓడలో 33 నగరాల పటాలున్నాయి. ఆ నగరాల్లో అద్దె కట్టి బతికే మామూలు మనిషి ఒక్కడూ ఆ డెక్ మీద మాట్లాడలేదు. సముద్రం మీద, తమలో తాము, రెండు వారాలు మాట్లాడుకున్న నిపుణుల మాటలు అంత దూరం వెళ్లడం ఆ యాత్ర బలం, అదే దాని లోపం కూడా.

దాదాపు అదే కాలంలో హైదరాబాదు నుంచి కూడా కట్టడాలు చూడటానికి ఒక ప్రయాణం సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత భవనాలు కట్టాలని నిజాం ప్రభుత్వం తలపెట్టి, ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను పంపింది. వాళ్లు దేశదేశాలు తిరిగి, ఈజిప్టులో హీలియోపోలిస్ నగర నిర్మాణంలో పనిచేసిన ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్ట్‌ను ఎంచుకున్నారు. జాస్పర్ ఇక్కడికి వచ్చాక అజంతా, ఎల్లోరా, బీదర్ లాంటి చోట్లు చూశాడు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనంలో హిందూ, ఇస్లామీ శిల్పరీతులు కలిసి కనిపించడానికి ఈ రెండు వైపుల తిరుగుడే కారణం. బల్లపరుపు డాబాల శైలి ఆ భవనంలో లేదు. కట్టేముందు వెళ్లి చూడటం, వచ్చినవాడు ఇక్కడిది చూడటం అన్న క్రమశిక్షణ ఉంది.

యూరప్‌లో కొత్త కట్టడాల మెరుపంతా పదేళ్లే. నాజీలు వచ్చాక వైసెన్‌హోఫ్‌ను స్టుట్‌గార్ట్‌కు తలవంపని తిట్టారు. చదును డాబాల మీద ఒంటెలను, సింహాలను అతికించి 'అరబ్బుల పల్లె' అంటూ పోస్టుకార్డులు అచ్చేశారు. 1938లో ఆ స్థలాన్ని సైన్యం ఆఫీసు కోసం తీసుకున్నారు. కూల్చేలోపు యుద్ధం వచ్చింది. బాంబులు పది కట్టడాలను తీసుకుపోయాయి, 11 మిగిలాయి. గ్రోపియస్ ఇళ్లు పోయాయి, బ్రూనో టౌట్ ఇల్లు పోయింది.

చెక్ దేశంలోని బర్నో నగరంలో టుగెండ్‌హాట్ విల్లా కథ వింటే మనసు కలుక్కుమంటుంది. ఫ్రిట్స్, గ్రేటా దంపతుల కోసం 1930లో మీస్ కట్టిన ఇల్లది. హాలును రెండుగా విడదీసేది తేనెరంగు ఓనిక్స్ రాతి పలక. సాయంత్రం ఎండ పడితే అది ఎర్రగా వెలుగుతుంది. నిలువెత్తు కిటికీ అద్దాలు మీట నొక్కితే నేలలోకి దిగిపోతాయి. యూదులైన ఆ కుటుంబం ఎనిమిదేళ్లు కూడా అక్కడ ఉండలేదు. 1938లో దేశం విడిచి వెళ్లిపోయింది. ఇల్లు నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో చేతికి పోయింది. 1945లో సోవియట్ సైనికులు గుర్రాలను కట్టేశారు. తర్వాత నృత్యపాఠశాల, ఆ తర్వాత వెన్నెముక జబ్బులున్న పిల్లలకు వ్యాయామశాల. 1992 ఆగస్టులో చెక్, స్లొవాక్ నాయకులు దేశాన్ని రెండు చేసే మాటలు ఈ ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. 1994లో మ్యూజియంగా తెరిచారు. 2010 నుంచి 2012 దాకా సాగిన మరమ్మతుల్లో ఒక విచిత్రం జరిగింది. భోజనాల చోటు చుట్టూ ఉండే అర్ధచంద్రాకారపు నల్లచేవ చెక్క గోడ యుద్ధకాలంలోనే మాయమైంది. 2011లో దాని పలకలు అదే ఊళ్లో, ఒకప్పుడు గెస్టపో కార్యాలయంగా ఉండి ఇప్పుడు విశ్వవిద్యాలయం వాడుకుంటున్న భవనంలో, గోడలకు కొట్టి కనిపించాయి. వాటిని తెచ్చి పాతచోట పెట్టారు.

పారిస్ దగ్గర పొయిసీలో లె కార్బూజియే కట్టిన విల్లా సవోయ్ ఇంకో గండం దాటింది. 1931లో పూర్తయిన ఈ ఇల్లు సన్నటి స్తంభాల మీద పచ్చిక నుంచి లేచి నిలబడుతుంది. ఆధునిక కట్టడాల మీద ఏ పుస్తకం తెరిచినా దాని ఫోటో ఉంటుంది. ఆ ఫోటోల్లో కనిపించనిది కప్పు కారడం. ఇంటావిడ యూజనీ సవోయ్ హాల్లో, నడవలో, స్నానాలగదిలో వాన పడుతోందని 1936, 1937లలో లె కార్బూజియేకు ఘాటుగా ఉత్తరాలు రాసింది. యుద్ధంలో జర్మన్లు, తర్వాత అమెరికన్లు ఆక్రమించారు. 1958లో పొయిసీ పురపాలక సంఘం బడి కట్టడానికి స్థలం స్వాధీనం చేసుకుంది. ఇల్లు కూల్చేస్తారన్న వార్త పాకగానే దేశదేశాల ఆర్కిటెక్ట్‌లు ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రోకు విన్నపాలు పంపారు. వాళ్లలో చాలామంది ఆ ఇంట్లోని ఏటవాలు దారి ఎక్కి దిగినవాళ్లే. బడి పక్కన కట్టారు, ఇల్లు నిలిచింది. 1965 ఆగస్టులో లె కార్బూజియే చనిపోయాడు. ఆ డిసెంబరులో విల్లాకు చారిత్రక కట్టడంగా రక్షణ దక్కింది. పక్కనున్న బడికి ఇప్పుడు ఆయన పేరే.

చూసినవాళ్లు లేకపోతే ఏమవుతుందో బార్సిలోనా చెబుతుంది. 1929 అంతర్జాతీయ ప్రదర్శనలో మీస్ కట్టిన జర్మన్ మంటపాన్ని మరుసటి ఏడాదే విప్పేశారు. తర్వాత అర్ధశతాబ్దం పాటు ప్రపంచం దాన్ని కొన్ని నలుపు తెలుపు ఫోటోల్లో మాత్రమే చదువుకుంది. 1983లో మొదలుపెట్టి 1986కు ముగ్గురు స్పానిష్ ఆర్కిటెక్ట్‌లు అదే చోట తిరిగి కట్టారు. లోపలికి నడిచాక గానీ ఆకుపచ్చ పాలరాయి, బంగారు రంగు ఓనిక్స్, నీటి మీద వెలుగు కలిసి చేసే పని ఎవరికీ అర్థం కాలేదు.

నలుపు తెలుపు ఫోటో చేసిన పెద్ద అన్యాయం రంగులను తుడిచేయడం. ఆధునిక ఇల్లంటే తెల్లగోడలని నమ్మించింది అదే. బెర్లిన్‌లో బ్రూనో టౌట్ కట్టిన కాలనీలకు వెళ్లినవాళ్లు అక్కడే ఆ నమ్మకం వదిలేస్తారు. 1925లో మొదలైన గుర్రపునాడా ఆకారపు కాలనీలో నీలం, ఎరుపు, పసుపు. అంకుల్ టామ్స్ కాలనీకి ఊళ్లోవాళ్లు చిలకల కాలనీ అని పేరుపెట్టారు. వైసెన్‌హోఫ్‌లో లె కార్బూజియే ఇంటి లోపలి గోడల రంగులు కూడా, దాన్ని మ్యూజియంగా 2006లో తెరిచేముందు పొరలు పొరలుగా గీకి చూశాకే బయటపడ్డాయి. ఈ వ్యాసం శీర్షికలోని తెల్లగోడల్లో చాలావాటిది మొదటి రంగు తెలుపు కాదు.

1980ల తర్వాత ఈ యాత్రలు ఒక వ్యవస్థగా స్థిరపడ్డాయి. లండన్‌లో 1930ల నాటి కట్టడాల కోసం 1979లో పెట్టిన సంఘానికి మరుసటి ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ ముఖభాగాన్ని రక్షణ ఉత్తర్వు రాకముందే సెలవురోజుల్లో కూల్చేశారు. ఆ సంఘమే ఇప్పటి ట్వెంటియెత్ సెంచరీ సొసైటీ. సభ్యులను బస్సుల్లో, రైళ్లలో యూరప్ కట్టడాల దగ్గరికి తీసుకెళ్లడం దాని పనుల్లో ఒకటి. 1984లో ఫ్రాన్స్ ప్రభుత్వం చారిత్రక కట్టడాల తలుపులు ఏడాదికోసారి అందరికీ తెరిచింది. 1992లో లండన్ 'ఓపెన్ హౌస్' మొదలైంది. వీటికి మధ్యలో, 1988లో, హాలండ్‌లోని ఐందోవెన్‌లో హెంకెట్, డి యోంగ్ అనే ఇద్దరు ఆర్కిటెక్ట్‌లు 'డోకోమోమో' అనే సంస్థను ప్రారంభించారు. వాళ్లను కదిలించింది హిల్వర్సమ్ దగ్గర శిథిలమవుతున్న సోనెస్ట్రాల్ క్షయ ఆస్పత్రి. వజ్రాల పనివారి సంఘం డబ్బుతో యాన్ డౌకర్ 1928లో కట్టినది. కొన్ని దశాబ్దాల్లో క్షయ రోగం పోతుంది, భవనం అవసరమూ తీరుతుందని లెక్కవేసి, అంత కాలానికే సరిపడా పల్చని కాంక్రీటుతో కట్టాడు. రోగం తగ్గింది, భవనం పాడుబడింది. అనుకున్న ఆయుష్షు తీరిన భవనాన్ని ఎందుకు బతికించాలన్న ప్రశ్నకు జవాబుగా వాళ్లు నిపుణులను గుంపులుగా తీసుకెళ్లి చూపించారు. తర్వాత ఏళ్ల తరబడి ఓపిగ్గా దాన్ని బాగుచేశారు.

ఇప్పటి బృందాలు తిరిగే దారిలో ఉట్రెక్ట్ తప్పనిసరి. 1924లో రీట్‌ఫెల్ట్ కట్టిన చిన్న ఇల్లు అక్కడుంది, అందులో సగం ఊహ ఇంటి యజమానురాలు ట్రూస్ ష్రోడర్‌ది. ముగ్గురు పిల్లలతో పై అంతస్తులో ఉండాలనీ, గోడలు జరిగిపోవాలనీ పట్టుబట్టింది ఆమే. గోడల్లేని అంతస్తుకు అనుమతి రాదని కాగితాల మీద దాన్ని అటకగా చూపించారు. 1985లో చనిపోయేదాకా ఆమె అక్కడే ఉంది. ఆమె వల్లే ఆ ఇల్లు చెడకుండా మిగిలింది.

దీనికి పూర్తి భిన్నం ఫ్రాన్స్‌లో బోర్డో పక్కన పెస్సాక్ కాలనీ. చక్కెర వ్యాపారి ఫ్రుజేస్ కోసం లె కార్బూజియే 1926కు పూర్తిచేసిన యాభై ఇళ్లలో కాపురమున్నవాళ్లు పొడుగాటి కిటికీలు మూసేశారు, డాబాల మీద పెంకులు వేశారు, ఖాళీల్లో గదులు కట్టుకున్నారు. 1960ల చివర్లో ఫిలిప్ బూదోన్ వాళ్లను కలిసి మాట్లాడి పుస్తకం రాశాడు. తమకు కావాల్సినట్టు మార్చుకోవడానికి ఇల్లు వీలిచ్చిందన్నది ఆయనకు తోచిన సంగతి. ఆ పుస్తకం చదివాక పెస్సాక్ వీధిలో నిలబడితే పెంకుల కప్పు తప్పుగా కనిపించదు.

మార్సెయ్‌లో లె కార్బూజియే కట్టి 1952లో తెరిచిన యూనిటె భవనానికి ఊరివాళ్లు పిచ్చోడి ఇల్లని పేరు పెట్టారు. 337 ఫ్లాట్లు, నడిమి అంతస్తులో అంగళ్ల వీధి, డాబా మీద పిల్లల బడి. ఇప్పుడక్కడ ఫ్లాటు దొరకడం గౌరవం. లియాన్ దగ్గర ఆయనే కట్టిన లా టూరెట్ మఠంలో సన్యాసులు అతిథులకు రాత్రి బస ఇస్తారు. గది వెడల్పు 1.83 మీటర్లు. ఒక్క రాత్రి పడుకుంటే ఆ కొలతకు అర్థం తెలుస్తుంది, నిద్ర మాత్రం అందరికీ పట్టదు. పొయిసీ, మార్సెయ్, లా టూరెట్, పెస్సాక్‌లతో పాటు చండీగఢ్ క్యాపిటల్ సముదాయం కూడా 2016లో యునెస్కో జాబితాలో లె కార్బూజియే కట్టడాలుగా ఒకే పేరు కింద చేరింది. ఏడు దేశాలు, 17 చోట్లు. అంటే భారతీయుడికి ఈ యాత్ర వీసా లేకుండా మొదలుపెట్టే వీలుంది.

తెలుగువాళ్లు చాలామంది యూరప్ వెళుతున్నారు. వారం రోజుల్లో ఐఫిల్ టవర్, కొలోసియం, స్విస్ మంచుకొండలు చూసి తిరిగొస్తున్నారు. ఆ వారంలో ఒక పూట వియన్నా శివారు కార్ల్ మార్క్స్ హోఫ్‌కో, బెర్లిన్ గుర్రపునాడా కాలనీకో కేటాయించమని ఈ వ్యాసం విన్నపం. వాటి ముంగిళ్లలో నడవడానికి టికెట్టు అక్కర్లేదు. బర్నో విల్లాకు మాత్రం చాలా ముందే సీటు తీసుకోవాలి, అప్పటికప్పుడు వెళితే దొరకదు. ఉట్రెక్ట్‌లో బూట్ల మీద తొడుగులు వేసుకోవాలి. గైడు కొలతలు, సంవత్సరాలు చెబుతాడు, అవి పుస్తకంలోనూ ఉంటాయి. ఇక్కడ ఎవరు కాపురమున్నారు, అద్దె ఎంత, కప్పు కారిందా, ఏం మార్చుకున్నారు అని అడగండి. మార్సెయ్, వియన్నా, బెర్లిన్ కట్టడాల్లో ఇవాళ్టికీ సంసారాలున్నాయి. ఆ తలుపుల ముందు ఫోటో తీసేముందు అనుమతి అడగండి.